ఓవర్‌క్లాక్ చేశాక కంప్యూటర్ లేవకపోతే: బోర్డు పోయిందనుకునే ముందు

ప్రాసెసర్‌నో ర్యామ్‌నో కంపెనీ పెట్టిన వేగం కన్నా ఎక్కువగా పరిగెత్తించడమే ఓవర్‌క్లాక్. అందుకోసం బయోస్‌లో (మిషన్‌ని లేపే, మదర్‌బోర్డులో ఉండే ప్రోగ్రాం) ఒక అంకె మార్చి, సేవ్ చెయ్యడానికి ఎఫ్10 నొక్కగానే స్క్రీన్ ఆరిపోతుంది. ఫ్యాన్లు తిరుగుతుంటాయి, క్యాబినెట్‌లో లైట్లు వెలుగుతుంటాయి, మానిటర్ మాత్రం సిగ్నల్ లేదంటుంది. అప్పుడు చాలామంది స్విచ్చి ఆపి వేస్తారు, మళ్లీ ఆపి వేస్తారు. పది సార్లయ్యాక క్యాబినెట్ ఎత్తుకుని బజారుకి పోతారు. నెల్లూరయినా ఒంగోలయినా అక్కడ తరచుగా వినబడే మాట ఒకటే: "బోర్డు పోయింది, చెన్నై పంపాలి."

ఎక్కువసార్లు బోర్డు పోయి ఉండదు. మీరిచ్చిన అంకె దాని జ్ఞాపకంలో ఉండిపోయి ఉంటుంది, అంతే. స్విచ్చి వేసిన ప్రతిసారీ బోర్డు ఆ అంకెనే తీసి ప్రాసెసర్ మీదో ర్యామ్ మీదో పెడుతుంది. అది మోయలేక అక్కడే నిలబడిపోతుంది. కాబట్టి ముందు ఆ అంకెను తుడిచెయ్యాలి, తర్వాత మిషన్ లేస్తూ లేస్తూ ఎక్కడ ఆగిందో పట్టుకోవాలి. బోర్డు పోయిందన్న తీర్పు అన్నిటికన్నా చివర రావాల్సినది.

అంకె మారితే లోపల ఏం మారుతుంది

ప్రాసెసర్ వేగం రెండు అంకెల గుణకారం. బేస్ క్లాక్ మామూలుగా 100 మెగాహెర్ట్జ్. దాన్ని 45తో గుణిస్తే 4500 మెగాహెర్ట్జ్, 50తో గుణిస్తే 5000. ఐదు వేల దగ్గర ఒక్కో అడుగుకి దొరికే సమయం 0.2 నానోసెకను. ఆ కాస్త వ్యవధిలో లోపలి సిగ్నల్ ఒక చివరి నుంచి ఇంకో చివరికి చేరి స్థిరపడాలి. చేరకపోతే లెక్క తప్పుతుంది. తప్పిన లెక్క ఒక్కటి చాలు, బయోస్ మధ్యలో బిగుసుకుపోవడానికి.

సిగ్నల్ త్వరగా చేరాలంటే వోల్టేజీ పెంచాలి. పెంచితే వేడి పెరుగుతుంది, అదీ సమానంగా కాదు. వేడి వేగంతో పాటు అదే లెక్కన పెరుగుతుంది, వోల్టేజీతో మాత్రం దాని వర్గం లెక్కన పెరుగుతుంది. 4.5 గిగాహెర్ట్జ్, 1.20 వోల్టుల నుంచి 5.0 గిగాహెర్ట్జ్, 1.35 వోల్టులకు వెళ్తే వేగం పెరిగింది 11 శాతం, వేడి పెరిగింది సుమారు 40 శాతం. ఓవర్‌క్లాక్ కష్టాల్లో సగం ఈ తేడాలోనే పుడతాయి.

ఇంకొకటి, ఒకే మోడల్ ప్రాసెసర్లు రెండు కొన్నా రెండూ ఒక్కలాగా ఉండవు. మన బండలాగుడు పందేల్లో ఒకే ఈడు, ఒకే మేత ఉన్న ఒంగోలు జతలు రెండు ఒకే బండని ఒకే దూరం లాగవు కదా, ఇదీ అంతే. వీడియోలో ఎవరికో 5.2 దగ్గర నిలిచిందని ఆ అంకెలు యథాతథంగా దించితే మీ చిప్ 5.0 దగ్గరే చేతులెత్తెయ్యొచ్చు. అది చిప్‌లో లోపం కాదు. పెట్టె మీద రాసిన వేగానికే కంపెనీ హామీ, ఆ పైది దక్కినంతే.

ఎక్కడ ఆగింది?

స్విచ్చి నొక్కినప్పటి నుంచి విండోస్ కనిపించే దాకా పనులు వరసగా జరుగుతాయి. ముందు ఎస్‌ఎంపీఎస్ (గోడ కరెంటుని మిషన్‌కి తగ్గట్టు మార్చే పెట్టె) తన వోల్టేజీలు సరిపెట్టుకుని, అర సెకనులోపే, అంతా బాగుందని బోర్డుకి ఒక సిగ్నల్ ఇస్తుంది. అప్పుడు ప్రాసెసర్ మేలుకుని బయోస్ చదవడం మొదలెడుతుంది. తర్వాత ర్యామ్‌తో మాట కలుపుకుంటుంది. ఏ సిగ్నల్ ఎంత ఆలస్యంగా వస్తోందో కొలిచి సర్దుకునే ఈ పనిని మెమరీ ట్రైనింగ్ అంటారు. ఆపైన గ్రాఫిక్స్ కార్డు, చివర్న డిస్కు.

ఈ మధ్య బోర్డుల్లో చాలావాటికి అంచున నాలుగు చిన్న లైట్లుంటాయి. పక్కన సీపీయూ, డీర్యామ్, వీజీఏ, బూట్ అని రాసి ఉంటుంది. ఏది వెలిగి ఆరకుండా ఉండిపోయిందో పని అక్కడ ఆగినట్టు. రెండంకెల కోడ్ చూపే డిస్‌ప్లే ఉంటే ఇంకా మంచిది, ఆ కోడ్ అర్థం బోర్డు మాన్యువల్‌లో ఉంటుంది. లైట్లు లేని పాత బోర్డుకి చిన్న బీప్ స్పీకర్ తగిలించి శబ్దాలు లెక్కపెట్టాలి.

లక్షణాలు కూడా చాలా చెబుతాయి. స్విచ్చి నొక్కినా ఫ్యాన్ కదలదు, లైటు వెలగదు అంటే అనుమానం ఎస్‌ఎంపీఎస్ మీదకి, దాని వైర్ల మీదకి పోవాలి. ఓవర్‌క్లాక్ అంకె ఒక్కటే ఫ్యాన్‌ని కూడా కదలకుండా చెయ్యడం అరుదు. ఫ్యాన్ ఒక్క సెకను తిరిగి ఠపీమని ఆగితే, ఎక్కడో కరెంటు మితి మీరి రక్షణ వ్యవస్థ కోసేసినట్టు. తనంతట తాను ఆగి, లేచి, ఆగి, లేచి ఇలా తిరుగుతుంటే చాలాసార్లు అది మెమరీ ట్రైనింగ్ విఫలమై బోర్డు మళ్లీ ప్రయత్నిస్తోందని అర్థం. ఫ్యాన్లు నిలకడగా తిరుగుతూ డీర్యామ్ లైటు వెలిగి ఉంటే ర్యామ్ వేగంలోనో టైమింగుల్లోనో తప్పు. విండోస్ గుర్తు దాకా వచ్చి నీలి తెర పడితే మాత్రం మిషన్ లేచినట్టే. అంకె కొద్దిగా ఎక్కువైంది, కాస్త తగ్గిస్తే సరిపోతుంది.

ముందు ఆగండి

స్విచ్చి ఆపి వెయ్యడం మానెయ్యండి. చాలా బోర్డులు రెండు మూడు సార్లు వరసగా విఫలమైతే తమంతట తామే సురక్షితమైన అంకెలతో లేస్తాయి, ఓవర్‌క్లాక్ విఫలమైందని స్క్రీన్ మీద చెబుతాయి. మధ్యలో కరెంటు తీసేస్తే ఆ అవకాశం పోతుంది. డీడీఆర్5 ర్యామ్ ఉన్న మిషన్లలో, ముఖ్యంగా ఏఎండీ ఏఎం5 సాకెట్ (ప్రాసెసర్ కూర్చునే గూడు) వాటిలో, సెట్టింగ్ మారాక మొదటి ట్రైనింగ్‌కి కొన్ని నిమిషాలు పట్టొచ్చు. ర్యామ్ ఎంత ఎక్కువ ఉంటే అంత ఆలస్యం. డీర్యామ్ లైటు వెలిగిందని కంగారుపడి రెండు నిమిషాలకే ఆపేసేవాళ్లు బాగున్న మిషన్‌ని తామే లేవనివ్వడం లేదు. పది నిమిషాలు చూడండి.

అప్పటికీ లేవకపోతే ఎస్‌ఎంపీఎస్ స్విచ్చి ఆపి, పవర్ కార్డు గోడ దగ్గర్నుంచి పీకి, క్యాబినెట్ పవర్ బటన్ పదిహేను సెకన్లు నొక్కి పట్టుకోండి. కెపాసిటర్లలో మిగిలిన కరెంటు దిగిపోతుంది. రెండు నిమిషాలాగి తిరిగి పెట్టండి. దీంతోనే లేచే మిషన్లు తక్కువేం కాదు.

సీమాస్ తుడవడం, తర్వాత వచ్చే తలనొప్పి

లేవకపోతే అంకెలు తుడిచెయ్యాలి. బోర్డు వాటిని దాచుకునే జ్ఞాపకాన్నే సీమాస్ అంటారు. పవర్ కార్డు పీకి ఉండటం ఇక్కడ తప్పనిసరి. కొన్ని బోర్డులకి వెనక వైపే క్లియర్ సీమాస్ బటన్ ఉంటుంది. లేకపోతే బోర్డు మీద రెండు పిన్నుల జంపర్ వెతకండి. ఎంఎస్‌ఐ బోర్డుల్లో దాని పేరు జేబ్యాట్1, ఆసుస్‌లో సీఎల్‌ఆర్‌టీసీ, గిగాబైట్‌లో సీఎల్‌ఆర్ సీమాస్. స్క్రూడ్రైవర్ కొసతో ఆ రెండు పిన్నుల్ని కలిపి పది సెకన్లు ఉంచి తీసెయ్యండి. పక్క పిన్నులకి తగలకూడదు. పాత బోర్డుల్లో మూడు పిన్నులుంటాయి. ఒకటి, రెండు మీద ఉన్న టోపీని రెండు, మూడు మీదకి మార్చి, పది సెకన్లాగి, తిరిగి పాత చోట పెట్టాలి. పెట్టడం మరిచిపోతే కొన్ని బోర్డులు అసలు లేవవు.

జంపర్ దొరక్కపోతే గుండ్రటి సెల్లు తీసి పది నిమిషాలుంచాలి. తరచుగా అది గ్రాఫిక్స్ కార్డు కిందే దాక్కుని ఉంటుంది. కార్డు తీసేటప్పుడు స్లాటు చివర గొళ్లెం నొక్కకుండా లాగితే స్లాటు విరుగుతుంది. సెల్లు సీఆర్ 2032, మూడు వోల్టులది. మల్టీమీటర్‌తో చూస్తే కొత్తదానికి మూడు పైన ఉంటుంది. 2.7 కన్నా కింద చూపిస్తే మార్చెయ్యండి. సెల్లు దిగిపోయిన బోర్డు గడియారంతో పాటు సెట్టింగులు కూడా మరిచిపోతుంటుంది, దాన్ని ఓవర్‌క్లాక్ తప్పిదంగా పొరబడటం మామూలే.

తుడిచాక మిషన్ లేచింది, కానీ విండోస్ రాలేదు. ఇక్కడ చాలామంది డిస్కు పోయిందనుకుంటారు. పోలేదు. సీమాస్ తుడిస్తే ఓవర్‌క్లాక్ అంకెలతో పాటు మిగతా సెట్టింగులూ మొదటికి వెళ్తాయి. డిస్కు కంట్రోలర్ ఇదివరకు రెయిడ్ లేదా ఇంటెల్ వీఎండీ పద్ధతిలో ఉండి ఇప్పుడు ఏహెచ్‌సీఐకి మారితే విండోస్ తన డిస్కుని గుర్తుపట్టలేదు. పాత పద్ధతిలో ఇన్‌స్టాల్ చేసిన విండోస్‌కి సీఎస్‌ఎం (పాత పద్ధతిలో లేవనిచ్చే బయోస్ సెట్టింగ్) కావాలి, అది ఆగిపోయి ఉండొచ్చు. సెట్టింగ్ వెనక్కి మారిస్తే చాలు, ఫార్మాట్ చెయ్యకండి. బిట్‌లాకర్ (డిస్కుకి విండోస్ వేసే తాళం) పెట్టుకున్న మిషనయితే 48 అంకెల రికవరీ కీ అడగొచ్చు. అది దగ్గర లేకుండా బయోస్‌లో చెయ్యి పెట్టడం ప్రమాదం. ఓవర్‌క్లాక్‌కి ముందే కీని కాగితం మీద రాసి, బయోస్ పేజీలన్నీ ఫోన్‌తో ఫోటోలు తీసి పెట్టుకోవాలి.

గ్రాఫిక్స్ కార్డు ఓవర్‌క్లాక్ సంగతి వేరు. ఆఫ్టర్‌బర్నర్ లాంటి సాఫ్ట్‌వేర్‌తో ఇచ్చిన అంకెలు బయోస్‌లో ఉండవు, విండోస్‌లో ఉంటాయి. సీమాస్ వందసార్లు తుడిచినా ప్రయోజనం లేదు. విండోస్ వచ్చాక తెర చెదిరిపోతుంటే సేఫ్ మోడ్‌లోకి వెళ్లి ఆ సాఫ్ట్‌వేర్ తీసెయ్యండి. ఇంటెల్ ఎక్స్‌టీయూ, రైజెన్ మాస్టర్ వాడినవాళ్లు కూడా ఈ మాట గుర్తుంచుకోవాలి.

అయినా లేవకపోతే

అప్పుడు మిషన్‌ని కనీస స్థితికి తేవాలి. ప్రాసెసర్, కూలర్, ఒక్క ర్యామ్, ఎస్‌ఎంపీఎస్. మిగతా డిస్కులు, యూఎస్‌బీలు అన్నీ తీసెయ్యండి. నాలుగు స్లాట్లున్న బోర్డులో ఒక్క ర్యామ్ పెట్టాల్సింది సాధారణంగా ప్రాసెసర్ వైపు నుంచి రెండో స్లాటులో. ఒకటి లేవకపోతే రెండోది పెట్టి చూడండి. ప్రతి మార్పుకి మధ్య పవర్ కార్డు పీకాలి.

ప్రాసెసర్‌లో గ్రాఫిక్స్ ఉంటే మానిటర్ కేబుల్ బోర్డుకి పెట్టి కార్డు కూడా తీసెయ్యొచ్చు. అయితే పేరు చివర ఎఫ్ ఉన్న ఇంటెల్ ప్రాసెసర్లకి, జీ లేని రైజెన్ 5000 ప్రాసెసర్లకి లోపల గ్రాఫిక్స్ లేదు. వాటిలో కేబుల్ బోర్డుకి పెడితే మిషన్ బాగున్నా తెర నల్లగానే ఉంటుంది.

మైపాడు, కొత్తపట్నం లాంటి సముద్రం ఒడ్డు ఊళ్లలో ఇంకో కారణం కలుస్తుంది. ఉప్పుగాలి, తేమ చేరి ర్యామ్ పళ్ల మీద సన్నటి పొర కడుతుంది. మామూలు వేగానికి ఆ పొర అడ్డు కాకపోవచ్చు. ర్యామ్ వేగం 6000 దగ్గర అదే అడ్డవుతుంది. తెల్ల రబ్బరుతో ఒత్తిడి లేకుండా ఒకే దిక్కున రుద్ది, పొడి మిగలకుండా ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్దిన గుడ్డతో తుడవాలి. పట్టుకునే ముందు క్యాబినెట్‌లో రంగు పూయని లోహాన్ని తాకండి, ఒంట్లో స్థిర విద్యుత్తు దిగిపోతుంది. చీమకుర్తి పరిసరాల్లోనయితే గ్రానైట్ ధూళి కూలర్ రెక్కల్లోనూ ఎస్‌ఎంపీఎస్‌లోనూ పేరుకుంటుంది. బ్లోయర్ కొట్టేటప్పుడు ఫ్యాన్ తిరగకుండా వేలితో పట్టుకోండి.

తర్వాత ఎస్‌ఎంపీఎస్. 24 పిన్నుల కనెక్టరుతో పాటు ప్రాసెసర్ దగ్గరి ఎనిమిది పిన్నులది కూడా బిగుతుగా ఉందో లేదో చూడండి. బోర్డు నుంచి విడదీసి, 24 పిన్నుల కనెక్టరులో పచ్చ వైరునీ పక్కనున్న నల్ల వైరునీ పేపర్ క్లిప్పుతో కలిపితే ఫ్యాన్ తిరగాలి (కొన్ని ఎస్‌ఎంపీఎస్‌ల్లో లోడు లేకపోతే ఫ్యాన్ తిరగదు, అందుకని ఒక పాత డిస్కు తగిలించి ఉంచడం మేలు). మల్టీమీటర్‌తో 12 వోల్టులు 11.4కీ 12.6కీ మధ్య, 5 వోల్టులు 4.75కీ 5.25కీ మధ్య ఉండాలి. ఎస్‌ఎంపీఎస్ పెట్టెను మాత్రం విప్పకూడదు, లోపలి కెపాసిటర్లు కార్డు పీకాక కూడా ప్రాణం తీసేంత కరెంటు దాచుకుంటాయి.

ఈ పరీక్షలో పాసైనా లోడు పడ్డప్పుడు చేతులెత్తేసే ఎస్‌ఎంపీఎస్‌లున్నాయి. రొయ్యల చెరువుల ఊళ్లలో రాత్రిపూట ఏరియేటర్లన్నీ తిరుగుతున్నప్పుడు ఇంట్లో వోల్టేజీ 180కి పడిందనుకోండి. 100 నుంచి 240 వోల్టుల దాకా పనిచేసే ఎస్‌ఎంపీఎస్‌కి అది లెక్క కాదు. 200 నుంచి 240 అని మాత్రమే రాసి ఉన్నది మామూలు వేగంలో నెట్టుకొస్తుంది గానీ ఓవర్‌క్లాక్ లోడుకి తడబడుతుంది. పగలు లేచి రాత్రి లేవని మిషనయితే ముందు గోడలో వోల్టేజీ కొలవండి. క్యాబినెట్ ముట్టుకుంటే జివ్వుమంటోందంటే ఎర్త్ లేదని అర్థం. ఎస్‌ఎంపీఎస్ లోపలి ఫిల్టర్ వల్ల, ఎర్త్ లేకపోతే సరఫరాలో సుమారు సగం వోల్టేజీ చిన్న కరెంటుతో క్యాబినెట్ మీదకి వస్తుంది. ఎలక్ట్రీషియన్‌ని పిలిచి అది సరిచేయించాకే మిగతావి.

ఇంకా లేవకపోతే బయోసే దెబ్బతిని ఉండొచ్చు. ఫ్లాష్‌బ్యాక్ బటన్ ఉన్న బోర్డులో ప్రాసెసర్ లేవకపోయినా బయోస్ తిరిగి ఎక్కించొచ్చు. ఎఫ్ఏటీ32లో ఫార్మాట్ చేసిన పెన్‌డ్రైవ్‌లో, మాన్యువల్ చెప్పిన పేరుతోనే ఫైలు పెట్టి, గుర్తు వేసిన యూఎస్‌బీ పోర్టులో గుచ్చి, బటన్ నొక్కి పట్టుకోవాలి. లైటు మినుకుమంటూ ఐదు పది నిమిషాలు నడిచి తనే ఆగుతుంది. మధ్యలో కరెంటు పోతే బయోస్ సగంలో పాడైపోతుంది, కాబట్టి యూపీఎస్ లేకుండా ఈ పని పెట్టుకోకండి.

చివరి తనిఖీ ప్రాసెసర్‌ది. ఏఎం4 సాకెట్‌లో కూలర్‌ని నిటారుగా లాగితే ఎండిన పేస్టుకి అంటుకుని ప్రాసెసర్ కూడా ఊడి వస్తుంది, పిన్నులు వంగుతాయి. కూలర్‌ని కుడి ఎడమలకు మెల్లగా తిప్పి, పట్టు వదిలాక ఎత్తాలి. అడుగున నల్లటి కాలిన మచ్చ, బోర్డు మీద ఉబ్బిన చోటు, మాడిన వాసన ఉంటే అప్పుడు నిజంగా దెబ్బతిన్నట్టు. 2023లో రైజెన్ 7000 ఎక్స్3డీ ప్రాసెసర్లు కొన్ని ఇలాగే కాలాయి. ఎక్స్‌పో (ర్యామ్‌ని దాని తయారీదారు చెప్పిన పై వేగానికి మార్చే ఏఎండీ సెట్టింగ్) ఆన్ చేసినప్పుడు కొన్ని బోర్డులు తమంతట తాము ఎస్‌ఓసీ వోల్టేజీ (ప్రాసెసర్‌లో ర్యామ్‌తో మాట్లాడే భాగానికి ఇచ్చేది) పెంచేసేవి. ఆ తర్వాత ఏఎండీ దానికి 1.3 వోల్టుల హద్దు పెట్టించింది. పాత బయోస్‌తో ఉన్న ఏఎం5 బోర్డుని అప్‌డేట్ చెయ్యకుండా ఎక్స్‌పో ముట్టుకోకండి. అలాగే ఇంటెల్ 13, 14వ తరం ఐ7, ఐ9 ప్రాసెసర్లు ఓవర్‌క్లాక్ లేకుండానే అస్థిరమైన సందర్భాలున్నాయి. 2024లో ఇంటెల్ మైక్రోకోడ్ (ప్రాసెసర్ లోపలి ఆదేశాలు) మార్పులిచ్చి, పెట్టెలో కొన్నవాటికి వారంటీ రెండేళ్లు పెంచింది. మామూలు అంకెల దగ్గర కూడా నిలవకపోతే తప్పు మీ అంకెది కాకపోవచ్చు. అయితే ఓవర్‌క్లాక్ వల్ల కలిగిన నష్టం వారంటీలోకి రాదని ఇంటెల్, ఏఎండీ రెండూ చెబుతాయి.

మళ్లీ పెంచేటప్పుడు

మిషన్ లేచాక ఒక్క రోజు మామూలు అంకెలతో నడపండి. అప్పుడు ర్యామ్ ఒక్కటే ఎక్స్‌ఎంపీకో (ఎక్స్‌పో లాంటి ఇంటెల్ సెట్టింగ్) ఎక్స్‌పోకో మార్చి, మెమ్‌టెస్ట్86 అనే ర్యామ్ పరీక్ష నాలుగు సార్లు పూర్తయ్యేలా రాత్రంతా వదలండి. ఒక్క తప్పు వచ్చినా ఒక మెట్టు దించాలి. ర్యామ్ నిలిచిందని తేలాకే ప్రాసెసర్ జోలికి. ఒకసారికి 100 మెగాహెర్ట్జ్, వోల్టేజీ అవసరమైతే 0.01 నుంచి 0.025. రెండూ ఒకేసారి మారిస్తే తప్పు ఎవరిదో తెలియదు. ప్రతి మార్పూ తేదీతో నోట్‌బుక్‌లో రాయండి. నిలిచిన అంకెల్ని బయోస్ ప్రొఫైల్‌గా దాచుకోండి.

రైజెన్‌లో కర్వ్ ఆప్టిమైజర్‌తో వోల్టేజీ తగ్గించేవాళ్లకి ఒక ముఖ్యమైన విషయం. మైనస్ 30 పెట్టి బరువైన పరీక్షలన్నీ గంటలకొద్దీ పాసైన మిషన్, ఎవరూ ముట్టుకోకుండా ఖాళీగా ఉన్నప్పుడు రీస్టార్ట్ అవుతుంది. లోడు తక్కువున్నప్పుడే ఒకటి రెండు కోర్లు అన్నిటికన్నా పై వేగానికి ఎగబాకుతాయి, అక్కడ వోల్టేజీ చాలదు. కాబట్టి లోడుతో పాటు రెండు రోజులు ఖాళీగా కూడా నడిపి చూడాలి.

పరీక్ష ఏ కాలంలో చేశారన్నది మన జిల్లాల్లో చిన్న విషయం కాదు. కూలర్ ఎంత ఖరీదైనదైనా గది గాలికన్నా చల్లబరచలేదు. లోడులో ప్రాసెసర్ గదికన్నా 55 డిగ్రీలు పైన ఉంటుందనుకుంటే, సంక్రాంతికి 25 డిగ్రీల గదిలో 80. రోహిణి కార్తెలో, రోళ్లు పగిలే ఎండకి మిద్దె మీది గది 40కి చేరితే అదే అంకెలతో 95. రైజెన్ 7000లో చాలా ప్రాసెసర్ల హద్దు సరిగ్గా అదే. జనవరిలో నిలిచిన సెట్టింగ్ మేలో కూలిపోతే అందులో వింత లేదు. శీతాకాలంలో పరీక్షించేవాళ్లు హద్దుకి కనీసం 20 డిగ్రీలు దిగువన ఆగాలి. లేదంటే బయోస్‌లో రెండు ప్రొఫైళ్లు దాచుకుని, మార్చి దాటగానే 200 మెగాహెర్ట్జ్ తక్కువున్న దానికి మారిపోవాలి.